ల్యాబ్ సర్వర్‌లో వెంచర్

తుర్కపల్లిలో మందుల నమూనాలు పరీక్షించే ఒక ల్యాబ్‌లో నేను కంప్యూటర్ల పని చూసేదాన్ని. మేము మందులు తయారు చేసేవాళ్లం కాదు. వేరే కంపెనీలు తమ మాత్రలను మాకు పంపేవి. అవి ఎండకూ తేమకూ ఎన్నాళ్లు తట్టుకుంటాయో చూసి చెప్పడం, ఆ ఫలితాలను భద్రంగా దాచిపెట్టడం మా పని. పరీక్షించడం మాకు బాగా వచ్చు. దాచిపెట్టడం కూడా వచ్చనే అందరం అనుకునేవాళ్లం.

ల్యాబ్ యజమానిని అందరూ పెద్దసారు అనేవారు. శామీర్‌పేట వైపు తాతల నాటి భూములున్న కుటుంబం. రింగురోడ్డు పడ్డాక ఆ భూముల్లో కొన్ని ప్లాట్లయ్యాయి. ఆ ప్లాట్ల పుణ్యమా అని ల్యాబ్ వచ్చింది. ఆయన తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకుని పొద్దున వెంచర్ ఆఫీసుకు, మధ్యాహ్నం పార్టీ మీటింగుకు వెళ్లేవారు. ఆ రెంటి మధ్య తీరిక దొరికితే ల్యాబ్‌కు వచ్చేవారు. మమ్మల్నందరినీ బిడ్డా అనే పిలిచేవారు. కోపం వచ్చినా అదే పిలుపు కాబట్టి, కోపం వచ్చిందో లేదో కండువా సర్దుకునే తీరును బట్టి తెలుసుకోవాలి.

కంప్యూటర్ల విభాగానికి డైరెక్టర్ ఆయన అల్లుడు. తన పెళ్లినాడు ఫంక్షన్ హాల్లో పెద్ద తెర ఆగిపోతే, పెళ్లికొడుకు బట్టలతోనే వెళ్లి తీగ ఊడదీసి మళ్లీ పెట్టి దాన్ని వెలిగించారట. ఆ రోజే మామగారికి ఆయన సాంకేతిక జ్ఞానం మీద గురి కుదిరింది. మేము అల్లుడు సారు అనేవాళ్లం, ఎదురుగా మాత్రం సార్ అని ఊరుకునేవాళ్లం. మంచి మనిషే. ఎవరి మీదా కేకలు వేయరు. కంప్యూటర్ల మీద కూడా ఏనాడూ చేయి వేయరు.

నేను ఉద్యోగంలో చేరేసరికే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొని పెట్టి ఉంది. రోజూ పొద్దున అది ఒక మెయిల్ పంపేది: అన్ని పనులూ విజయవంతం, పక్కన ఆకుపచ్చ టిక్కు. అల్లుడు సారు దాన్ని ఫొటో తీసి కంపెనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. దాని కింద దండాలు, బొటనవేళ్లు, పూలగుత్తులు వచ్చేవి. గ్రూపులో శుభోదయాల కంటే దానికే ఎక్కువ గౌరవం ఉండేది.

ఒక పొద్దున, నాతోపాటు కంపెనీ క్యాబ్‌లో వచ్చే అమ్మాయి నా గదికి వచ్చింది. దేవరయాంజాల్ పిల్ల, ల్యాబ్‌లో అనలిస్టు. నెలల తరబడి ఒకే రకం మాత్రలను పరీక్షిస్తూ ఫలితాలు నమోదు చేస్తోంది. చేతిలో టీ కప్పు ఉంది, ముఖంలో కంగారు లేదు.

"అక్కా, నా ఫోల్డర్ ఒకటి పోయింది. పాత ఫైళ్లు తీసేస్తుంటే ఎవరో దాన్ని గూడ తీసేసిండ్రు. నిన్నటి బ్యాకప్‌లకెల్లి తెచ్చియ్యవా?"

"గంతే గదా, కూసో," అన్నాను.

ఆ సాఫ్ట్‌వేర్‌ను అంతకుముందు తెరవాల్సిన అవసరం నాకు రాలేదు, దాని పాస్‌వర్డ్ అల్లుడు సారు దగ్గరే ఉండేది. ఆయనకు ఫోన్ చేస్తే వెంటనే చెప్పేశారు. తెరిచాను. ఆకుపచ్చ టిక్కులు వరుసగా ఉన్నాయి. ఫోల్డర్ కోసం వెతికాను. ఫోల్డర్ కాదు, అసలు అందులో మా ల్యాబ్ కంప్యూటర్ ఒక్కటి కూడా లేదు.

సంగతి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మా ల్యాబ్‌లో ఏ పనికి ఆ కంప్యూటర్ విడిగా ఉండేది కాదు. ఒక గదిలో ఒక పెద్ద సర్వర్. దాని లోపలే, పెట్టె అంటూ ఏమీ లేకుండా, కేవలం సాఫ్ట్‌వేర్‌గా చాలా కంప్యూటర్లు నడుస్తుంటాయి. వాటిని వర్చువల్ మెషిన్లు అంటారు. ఏది నడుస్తోంది, ఏది ఆగింది, ఏది ఎంత చోటు తింటోంది అని వాటి మీద పెత్తనం చేసేది మేనేజ్‌మెంట్ సర్వర్. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను ముందుగా ఈ మేనేజ్‌మెంట్ సర్వర్‌కు కలపాలి. అడ్రసు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. అప్పుడే ఇంట్లో ఎవరెవరున్నారో దానికి తెలుస్తుంది, రోజూ ఒక్కొక్కరినీ కాపీ తీసి దాచిపెడుతుంది. మా దగ్గర ఆ కలపడమే జరగలేదు. అమ్మినవాళ్లు వచ్చి, సాఫ్ట్‌వేర్ ఎక్కించి, అల్లుడు సారుతో ఫొటో దిగి వెళ్లిపోయారు. పాపం అది రోజూ లేచి పని కోసం చూసేది. ఏ పనీ కనిపించేది కాదు. చేయని పనిలో తప్పు జరగదు కాబట్టి అంతా విజయవంతం అని రాసి మెయిల్ పంపేది.

అమ్మాయికి చెప్పాను. ఆమె టీ కప్పు బల్ల మీద పెట్టింది.

"రోజు మెయిల్ వస్తాంది గదక్కా?"

"వస్తాంది."

"మరి గది దేని బ్యాకప్?"

"దేనిదీ కాదు."

ఆమె ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. కొంచెంసేపు తెర మీది ఆకుపచ్చ టిక్కుల వైపు చూసి, "రోజు నేను గూడ దండం బెట్టిన దీనికి," అని లేచి వెళ్లిపోయింది. కొన్ని ఫలితాలు కాగితాల మీద మిగిలాయి. మిగిలిన పరీక్షలు మొదటినుంచి మొదలుపెట్టడానికి ఆ మధ్యాహ్నమే కొత్త మాత్రలు బయటికి తీసింది. గాజు తలుపు వెనుక ఆమె తల వంచుకుని పని చేయడం కనిపిస్తుంటే, కోపమొచ్చి అన్నం పక్కకు నెట్టేశాను. ఆ కోపంతోనే అల్లుడు సారు గదికి వెళ్లాను.

"సార్, బ్యాకప్‌ల ఒక్క మెషిన్ గూడ లేదు."

"ఫెయిల్ అయిందా?"

"ఫెయిల్ గాలే సార్. అసలు మొదలే గాలే."

ఆయన తేలికపడ్డారు. "ఫెయిల్ గాకపోతే సక్సెసే గద మేడం."

"సార్, ల్యాబ్ ఫోల్డర్ పోయింది. తెచ్చేటందుకు ఏం లేదు."

"గట్లనా," అని ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. "వచ్చేవారం ఆడిటర్ వస్తుండు. గిప్పుడు గీ ముచ్చట తీసుడెందుకు?"

"వస్తుండనే తీస్తున్న. బ్యాకప్ చూపెట్టుమంటడు గద."

"మెయిళ్లు చూపెడ్దం. మస్తున్నయ్."

"మెయిల్ కాదు సార్. పోయిన ఫైలును వెనక్కి తెచ్చి చూపెట్టుమంటడు."

"పోయినదాన్ని అడుగుడేంది? ఉన్నదాన్ని అడగాలె గని," అన్నారాయన నిజంగానే ఆశ్చర్యపోతూ. తర్వాత ఆలోచించి, సరే కలిపేయండి, ఎంతసేపు పని, అన్నారు. నిజానికి పని కొద్దిసేపటిదే. కావాల్సింది మేనేజ్‌మెంట్ సర్వర్ అసలు పాస్‌వర్డ్. అది నా దగ్గర లేదు. అల్లుడు సారు దగ్గరా లేదు. పెద్దసారు దగ్గర ఉంది.

నాకు ముందున్న ఇంజనీరు మేడ్చల్‌లో ప్లాట్ల వ్యాపారం పెట్టుకుని, చెప్పకుండా మానేశాడు. అది కూడా పెద్దసారు వెంచర్‌కు ఎదురుగా పెట్టాడు. దాంతో పెద్దసారుకు నౌకరీ చేసేవాళ్ల మీద నమ్మకం పోయింది. సర్వర్ తయారు చేసినవాళ్లను పిలిపించి, పాస్‌వర్డ్ మార్పించి, కొత్తది తన వేలితో తానే కొట్టారు. ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదని అల్లుడు సారు కొంచెం గర్వంగా, కొంచెం బాధగా చెప్పారు.

మర్నాడు ఇద్దరం దేవరయాంజాల్ దారిలో ఉన్న వెంచర్ ఆఫీసుకు వెళ్లాం. గోడంత లేఅవుట్ బొమ్మ ముందు పెద్దసారు కూర్చుని ఉన్నారు. నేను విషయం చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"తాళంచెవి అడుగుతున్నవ్ బిడ్డా."

"తాళంచెవి మీ దగ్గర్నే ఉంచుకోండ్రి సార్. ఒక్కసారి వచ్చి తలుపు తియ్యుండ్రి. లోపల బ్యాకప్‌కు ఒక చిన్న చెవి వేరుగ చేసుకుంట. గది బ్యాకప్ పనికే పనికొస్తది, వేరే ఏ తలుపు తియ్యదు."

"వేరే చెవి ఎవనికి? మల్ల ఒక మనిషిని పెడ్తున్నవా?"

"మనిషి గాదు సార్, సాఫ్ట్‌వేర్‌కే."

"జీతం అడగదు గద?"

"అడగదు సార్."

"ఎదురుంగ వెంచర్ పెట్టదు గద?"

"పెట్టదు సార్."

"అయితే మంచిదే," అని ఆయన కండువా భుజం మీద వేసుకున్నారు. కోపంగా వేసుకోలేదు.

సర్వర్ గది గుమ్మం దగ్గర ఆయన చెప్పులు విప్పారు. దసరాకు సర్వర్ నుదుట పెట్టిన కుంకుమబొట్టు ఇంకా ఉంది. లోపల చలికి కండువాను చెవులమీదుగా చుట్టుకుని, కీబోర్డు ముందు కూర్చుని, మమ్మల్ని అటు తిరగమన్నారు. తిరిగాం. అల్లుడు సారు ఈ ఘట్టాన్ని అందరూ చూడాలని తెరను పక్కనున్న మీటింగు గదిలోని పెద్ద టీవీకి కలిపించారు. అక్కడ విభాగాల పెద్దలు, ఆ అనలిస్టు అమ్మాయి కూర్చుని ఉన్నారు. రెండు గదుల మధ్య తలుపు తెరిచే ఉంది.

పెద్దసారుకు ఒక అలవాటుంది. ఏది రాసినా పైకి చదువుతూ రాస్తారు. ఒంటి వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ, చెరువు పేరు పలికారు, తర్వాత సర్వే నంబరు పలికారు, తర్వాత, "బై ఏడున్నది గీడ," అని వెతికి, బై నంబరు కూడా పలికారు. పాస్‌వర్డ్‌లో ఒక ప్రత్యేక చిహ్నం ఉండాలన్న నిబంధనకు ఆయన వెతుక్కున్న పరిష్కారం ఆ బై. అది చెరువు అంచున ఉన్న భూమి. ఆ భూమికీ తనకూ ఏ సంబంధమూ లేదని ఆయన ఊళ్లో అందరికీ చెబుతుండేవారు. పక్క గదిలో ఎవరికో దగ్గు వచ్చి ఆగింది.

పాస్‌వర్డ్ తప్పు అంది సర్వర్. ఆయన మళ్లీ కొట్టారు, ఈసారి ఇంకా స్పష్టంగా, ఇంకా గట్టిగా చదువుతూ. మళ్లీ తప్పంది. అలా కొన్నిసార్లయ్యాక సర్వర్ ఖాతాకు తాళం వేసుకుంది.

"ఏమైంది?"

"లాకైంది సార్. కొద్దిసేపు ఆగితే అదే తెరుచుకుంటది."

"నా ఇంటికి నేను వస్తే తాళమేస్తదా?"

"మీరని దానికి తెల్వదు సార్."

ఇది ఆయనను నొప్పించింది. చాయ్ తెప్పించారు. తాగేలోపు నేను మెల్లగా, పెద్ద అక్షరం ఏదైనా ఉందేమో గుర్తు చేసుకోమన్నాను. ఆయన కళ్లు మూసుకుని, "చెరువు పేరు పెద్దక్షరంతోని మొదలువెట్టిన. పెద్ద చెరువు గద," అన్నారు. ఈసారి తలుపు తెరుచుకుంది.

నేను బ్యాకప్‌కు విడిగా ఒక ఖాతా చేశాను. కాపీ తీయడానికి, వెనక్కి తేవడానికి కావాల్సినన్ని హక్కులే ఇచ్చాను. తర్వాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తెరిచి మేనేజ్‌మెంట్ సర్వర్ అడ్రసు, కొత్త యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చాను. తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. ఈ సర్వర్ గుర్తింపు పత్రాన్ని నిర్ధారించలేకపోతున్నాను, నమ్మమంటారా, అని.

పెద్దసారు నా భుజం మీదుగా చూశారు. "ఏమంటాంది?"

"సర్వర్ చూపెట్టిన సర్టిఫికెట్‌ను నమ్మాల్నా అని అడుగుతాంది సార్."

"దానిమీద సంతకం ఎవరు పెట్టిండ్రు?"

"ఎవరు లేరు సార్. సర్వరే తన సంతకం తనే పెట్టుకున్నది."

"సొంత సంతకంతోని కాగితం నడుస్తదా? రిజిస్ట్రార్ ఆఫీసుల అయితే బయటికి పంపుతరు."

"మన ఇంటిదే అని మనం ఒప్పుకుంటే ఈడ నడుస్తది సార్."

ఆయన కాస్త ఆలోచించి, "నడ్వనియ్. మా పాత కాగితాలు గూడ గట్లనే నడ్సినయ్," అన్నారు. నేను అది నిజంగా మా సర్వర్‌దేనని సరిచూసుకుని ఒప్పుకున్నాను.

కనెక్షన్ కుదిరింది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మొదటిసారిగా ఇంట్లో ఎవరెవరున్నారో చూసింది. అది చూసినవన్నీ ఒక్కొక్కటిగా తెర మీదికి, పక్క గదిలోని టీవీ మీదికి వచ్చాయి. మొదట ల్యాబ్ పరికరాల మెషిన్, నమూనాల మెషిన్ వచ్చాయి. అందరం తలలూపాం. తర్వాత వెంచర్-డ్రోన్ వచ్చింది. తర్వాత వెంచర్-పాతది, వెంచర్-కొత్తది, వెంచర్-కొత్తది-ఫైనల్. తర్వాత మామయ్య-షష్టిపూర్తి-వీడియో. తర్వాత పార్టీ వార్డు మెసేజీలు. అల్లుడు సారు-క్రికెట్ అని ఒకటి వచ్చింది. చివరగా తీయొద్దు అనే పేరుతో ఒకటి వచ్చి ఆగింది.

ల్యాబ్ కోసం కొన్న సర్వర్‌లో ల్యాబ్ ఒక మూల ఉంది. మిగతా ఇల్లంతా వెంచర్‌దే. పరికరాలు నెమ్మదిగా నడుస్తున్నాయని అనలిస్టులు ఎన్నాళ్లుగానో మొత్తుకుంటుంటే, గాలిలో తేమ వల్ల అని అల్లుడు సారు చెబుతూ వచ్చారు. ఇప్పుడు పక్క గదిలోంచి ఆ అమ్మాయి గొంతు మెత్తగా వినిపించింది.

"సార్, తేమ పేరు వెంచర్-డ్రోనా?"

అల్లుడు సారు టీవీ తీగ ఊడదీశారు. తీగల పని ఆయనకు చేతనైనదే.

పెద్దసారుకు మాత్రం సిగ్గేమీ అనిపించలేదు. తనది తన ఇంట్లో ఉండడంలో ఆయనకు తప్పు కనిపించలేదు. అడిగింది ఒకటే: "గివన్నీ బ్యాకప్ అయితయా?"

"చోటు సరిపోదు సార్. కాపీలు దాచే పెట్టె చిన్నది. ల్యాబ్‌వి మాత్రమే పెడ్దాం. ఆడిటర్ అడిగేది అవే."

"శుక్రవారం కొత్త బ్రోచర్ ఉన్నది బిడ్డా. డ్రోన్ వీడియో పోతే నేనెట్ల జేయాలె? అది ముందు పెట్టు. తర్వాత ల్యాబ్."

"సార్, ల్యాబ్ ఫలితాలు పోతే మల్ల రావు. నెలల పని. పక్క గదిల అమ్మాయిని అడుగుండ్రి."

"చెరువు నిండుగ ఉన్నప్పటి వీడియో గూడ మల్ల రాదు. ఎండాకాలం వస్తాంది," అన్నారాయన చాలా గంభీరంగా.

"నేను మీరు చెప్పినట్టే పెడ్త సార్. కానీ ఆడిటర్ అడిగితే ఉన్నది ఉన్నట్టే చెప్త."

అల్లుడు సారు నా వైపు భయంగా చూశారు. పెద్దసారు కండువా చెవుల మీదినుంచి తీసి మడత పెట్టారు. "అబద్ధం చెప్పుమని నేనెన్నడన్న అన్ననా బిడ్డా," అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. డ్రోన్ మొదట పెట్టాను. దాని బరువుకు తోడు, పగలు పనికి అడ్డం రాకుండా రాత్రుళ్లే నడపాల్సి రావడంతో, కాపీ ఆడిటర్ వచ్చే ముందు రాత్రికి గానీ పూర్తి కాలేదు. ల్యాబ్ మెషిన్లు వరుసలో నిలబడే ఉన్నాయి.

ఆడిటర్ మహారాష్ట్ర నుంచి వచ్చారు. మాకు మాత్రలు పంపే ఒక కంపెనీ తరఫున తనిఖీకి వచ్చిన మనిషి. చాయ్ తాగరు, వేడినీళ్లు తాగుతారు. నవ్వరు, కానీ కసురుకోరు కూడా. ఇంగ్లీషులో మెల్లగా అడిగేవారు. నా దగ్గరికి వచ్చినప్పుడు అల్లుడు సారు, పెద్దసారు ఇద్దరూ వెంట వచ్చారు. అల్లుడు సారు ఆకుపచ్చ మెయిళ్లు ముందుకు జరిపారు. ఆయన చూసి, వెనక్కి జరిపి, బ్యాకప్ ఏ మెషిన్లను కాపాడుతోందో చూపించమన్నారు. తెరిచాను. ఆయన వేలు వెంచర్-డ్రోన్ మీద ఆగింది.

ఇదేమిటి, అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అల్లుడు సారు, పర్యావరణ పర్యవేక్షణ, అన్నారు. ల్యాబుల్లో గాలి, ఉష్ణోగ్రత, తేమ గమనించే పనిని అలాగే అంటారు. ఆయనకు ఆ ఒక్క మాట గుర్తుంది.

ఆడిటర్ సంతోషించారు. "చాలా ముఖ్యమైనది. దీన్నే వెనక్కి తెచ్చి చూపించండి," అన్నారు.

నేను అల్లుడు సారు వైపు చూశాను. ఆయన నా కంప్యూటర్ తెర తీగ వైపు చూస్తున్నారు. వెనక్కి తెచ్చే పని మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి అది పూర్తయింది. ఒప్పుకోక తప్పదు, చాలా చక్కగా వచ్చింది. నా జీవితంలో మొదటిసారి బ్యాకప్ నుంచి ఒక మెషిన్‌ను పూర్తిగా తెచ్చాను, అది డ్రోన్ వీడియో. ఆడిటర్ తెరిచి చూపించమన్నారు. తెరిచాను.

తెర మీద చెరువు నీళ్లు మెరిశాయి. డ్రోన్ కట్ట మీదుగా తేలుతూ పోయింది. వేణువు, వెనకాల ఒక గంభీరమైన గొంతు. పచ్చగడ్డిలో పెద్దసారు చేతులు జోడించి, చాలా మెల్లగా, మా వైపే నడుచుకుంటూ వచ్చారు. గదిలో నిజం పెద్దసారు కూడా చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఆడిటర్ ఆపమనలేదు. చివరిదాకా చూశారు. తర్వాత నన్ను అడిగారు, ఆ గొంతు ఏం చెబుతోంది అని.

"ఇక్కడ గాలి బాగుంటుందని చెబుతోంది సార్," అన్నాను ఇంగ్లీషులో.

"ఎవరికి?"

"కొనేవాళ్లకు."

ఆయన కొంత రాసుకున్నారు. తర్వాత ల్యాబ్ మెషిన్ తెచ్చి చూపించమన్నారు. ఇంకా కాపీ కాలేదని, దీని తర్వాతే దాని వంతని చెప్పాను. ఈ వరుస ఎవరు నిర్ణయించారని అడిగారు. అల్లుడు సారు నా పేరు చెబుతారేమో అనుకుంటున్నాను. అప్పుడు పెద్దసారు ఒక అడుగు ముందుకేశారు.

"మైఁచ్ బోలా సాబ్," అన్నారు, హైదరాబాద్ హిందీలో. నేనే చెప్పాను, ఈ పిల్ల వద్దంది, వినలేదు, అని కూడా అన్నారు. ఎందుకలా చెప్పారని ఆడిటర్ అడిగితే, పెద్దదానికి ముందు చోటివ్వాలనుకున్నాను అన్నారు. ఆయనను అంతకుముందూ తర్వాతా నేను చాలాసార్లు లోపల్లోపల తిట్టుకున్నాను గానీ, ఆ ఒక్క నిమిషం మాత్రం ఆయన పక్కన నిలబడాలనిపించింది.

ఆడిటర్ మర్నాడు కూడా ఉంటానన్నారు. తాను వెళ్లేలోపు ల్యాబ్ మెషిన్లు కాపీ కావాలి, ఒకటి తన ముందు వెనక్కి రావాలి అన్నారు. డ్రోన్‌ను వరుసలోంచి తీసేశాను. ల్యాబ్ మెషిన్లు చిన్నవి కాబట్టి కాపీ తొందరగానే అయింది. మర్నాడు ఆ అనలిస్టు అమ్మాయి మళ్లీ మొదలుపెట్టిన పరీక్షలో మొదటి ఫలితం, గ్రాఫు గీతతో సహా, ఆయన ముందు వెనక్కి వచ్చింది. సర్వర్ జాబితా చివరనున్న తీయొద్దు అనే మెషిన్ ఏమిటని ఆయన అడిగితే నిజంగానే ఎవరికీ తెలియదని చెప్పాం. అన్నిటికంటే అదే ఆయనను కలవరపెట్టింది.

ల్యాబ్‌కు సంబంధం లేనివాటిని సర్వర్‌లోంచి తీసేయాలని గట్టిగా రాసి వెళ్లారు. వాళ్ల కంపెనీ మాత్రలు పంపడం మాత్రం ఆపలేదు. కారు దాకా పెద్దసారే సాగనంపి, కొత్త బ్రోచర్ చేతిలో పెట్టారు. ఆయన వద్దనలేదు.

ఆ నెల మీటింగులో అల్లుడు సారు ఒక ప్రజెంటేషన్ ఇచ్చారు. మేనేజ్‌మెంట్ సర్వర్‌ను బ్యాకప్‌కు ఎలా కలపాలి అన్నది విషయం. బాణాలు, రంగులు, మధ్యలో తన ఫొటో ఉన్నాయి. సర్టిఫికెట్ గురించి పెద్దసారు అడిగిన ప్రశ్న కూడా తన ప్రశ్నగా అందులో వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న అమ్మాయి కూడా కొడుతూ, "ఫొటో మంచిగొచ్చిందక్కా," అంది.

వెంచర్‌కు వేరే సర్వర్ కొన్నారు. అది వెళ్లిపోయాక మా పరికరాలు పరుగెత్తసాగాయి. వానాకాలంలో కూడా తేమ ప్రస్తావన రాలేదు. తీయొద్దు సంగతి తేల్చడానికి, ఒక పొద్దున దాన్ని ఆపి ఎవరు అడుగుతారో చూద్దామని కూర్చున్నాను. భోజనం వేళకు జనం నా గదికి పరుగెత్తుకొచ్చారు. క్యాంటీన్ కూపన్ల మెషిన్ ఆగిపోయిందట. ల్యాబ్‌లో ఏదైనా ఆగితే అంతమంది ఒక్కసారిగా నా దగ్గరికి రావడం అదే మొదలు. నెలల ఫలితాలు పోయినప్పుడు ఒక్క అమ్మాయి వచ్చింది, అదీ టీ తాగుతూ. తీయొద్దును మళ్లీ నడిపించి, బ్యాకప్‌లో రెండో స్థానం ఇచ్చాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. జనరేటర్ అందుకునేలోపు నమూనాల మెషిన్ చెడిపోయి ఇక లేవనంది. అనలిస్టులు వాన తగ్గేదాకా క్యాంటీన్‌లో ఉన్నారు. నేను పొద్దుటి కాపీని వెనక్కి తెచ్చాను. ఎక్కడా ఆగకుండా వచ్చింది. వాళ్లు మిర్చి బజ్జీల గురించి మాట్లాడుకుంటూ తిరిగొచ్చి తమ పనిలో కూర్చున్నారు. ఎవరికీ ఏమీ తెలియలేదు. పొద్దుటినుంచి నమోదు చేసినవి కొన్ని మళ్లీ కొట్టాల్సి వస్తే, కరెంటును తిట్టుకున్నారు.

సాయంత్రం పెద్దసారు తడిసిన గొడుగుతో నా గది దగ్గర ఆగారు.

"కరెంటు పోయిందట. ఏమన్న ఖరాబైందా బిడ్డా?"

"ఒక మెషిన్ పోయింది సార్. వెనక్కి తెచ్చిన."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ఏం గాలే సార్. మంచిగనే ఉన్నది."

ఆయన గదినంతా ఒకసారి చూశారు. దీపాలు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, నేను కుర్చీలో ఖాళీగా కూర్చుని ఉన్నాను.

"ఏం గాకపోతే మంచిదే. మరి పొద్దంతా ఏం పనుంటది బిడ్డా నీకు గీడ?" అని, జవాబు కోసం ఆగకుండా గొడుగు విప్పుకుని వానలోకి వెళ్లిపోయారు. నేను నమూనాల మెషిన్‌కు కొత్త కాపీ మొదలుపెట్టి, అది సగం దాటేదాకా చూసి, క్యాబ్ హారన్ వినిపిస్తే బ్యాగు తీసుకుని లేచాను.